మంగంపేట ముగ్గురాయి: తవ్వకముందే మిల్లు లెక్క

కడప: ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలోని ముగ్గురాయి నిక్షేపాన్ని 7 కోట్ల టన్నులకు పైగా ఉన్నట్లు అంచనా వేశారు. ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాలలో ఇది ఒకటి. ఏపీఎండీసీ ఇక్కడ దశాబ్దాలుగా ఓపెన్‌కాస్ట్ పద్ధతిలో తవ్వకాలు సాగిస్తోంది. ఎంత రాయి ఉందన్నది అందరూ చెప్పే లెక్కే. ఆ రాయి మిల్లుకు చేరాక ఎలా నడుచుకుంటుందన్నది గనిలో యంత్రం దించక ముందే వేయవలసిన లెక్క.

ముగ్గురాయికి విలువ దాని బరువు వల్లనే. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి గ్యాస్ పైకి ఎగదన్నకుండా, బావిలోకి పంపే బురదలో ఈ పొడి కలిపి బరువెక్కిస్తారు. ఇందుకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నిర్ణయించిన సాంద్రత 4.20. 2010లో 4.10 రకాన్ని కూడా ఆ సంస్థ ప్రమాణాలలో చేర్చింది. దీంతో నాసిరకమని పక్కన పోసిన రాయిలో కొంత సరుకయ్యేందుకు దారి ఏర్పడింది.

నాలుగు టన్నులతో తారుమారు

4.30 సాంద్రత గల మేలురకం 100 టన్నులు తవ్వారనుకుందాం. అందులో 2.65 సాంద్రత గల పలుగురాయి కేవలం 4 టన్నులు కలిస్తే చాలు, మొత్తం 4.20 కిందికి దిగజారుతుంది. అంటే ఒక టిప్పరు నిండా కూడా అక్కరలేదు. పేలుళ్లలో పొరల హద్దులు చెదిరినా, ఎక్స్‌కవేటర్ బకెట్ పక్క పొరను గీరినా ఇదే ఫలితం. అదే సమయంలో 4.30 రాయిని, 4.12 రాయిని తూకం ప్రకారం సగం సగం కలిపితే సాంద్రత 4.20 దాటుతుంది. కలపడమే నష్టం, కలపడమే లాభం కూడా. కాబట్టి పేలుడు రంధ్రాల పొడిని ముందే పరీక్షించి, ఏ మెట్టు నుంచి ఏ రోజు ఎంత తీయాలో నిర్ణయించవలసి ఉంటుంది.

సాంద్రత ఒక్కటే చాలదు. ఒకే అంకె చూపే రెండు రాళ్లలో ఒకదానిలో పలుగు విడి ముక్కలుగా ఉండవచ్చు. దాన్ని పగలగొట్టి, నీటిలో జాడించే జిగ్గు యంత్రంతో వేరు చేయవచ్చు. మరొకదానిలో అది రేణువులలో రేణువుగా కలిసిపోయి ఉంటే మెత్తగా నూరి, రసాయనాలతో నురగలో తేల్చవలసిందే. కరెంటు ఖర్చు, మిల్లు అరుగుదల రెండూ పెరుగుతాయి. గని పటంలో ఈ తేడా కనిపించకపోతే రెండింటికీ ఒకే ధర వేసినట్లవుతుంది. ఈ తేడాలను గని ప్రణాళికలోనే చేర్చే విద్యను జియోమెటలర్జీ అంటున్నారు. పేరు కొత్తదైనా పని మన ప్రాంతానికి కొత్త కాదు. యర్రగుంట్ల, బనగానపల్లె ప్రాంతాల సిమెంటు క్వారీలలోనూ సున్నం శాతం ఎక్కువ, తక్కువ గల రాళ్లను కలిపే బట్టీకి పంపుతారు.

మేలురకం ముందే ఊడ్చేస్తే తొలి ఏళ్లలో రాబడి ఘనంగానే ఉంటుంది. తరువాత నాసిరకంలో కలిపేందుకు మంచి రాయి మిగలదు. ఈ గనిని నమ్ముకొని చుట్టూ వెలసిన పల్వరైజింగ్ మిల్లులకు, వాటిలోని కూలీలకు ఆ దెబ్బ ముందుగా తగులుతుంది. నేడు కుప్ప పోసే నాసిరకాన్ని రకాల వారీగా విడిగా పోసి, ఏ మెట్టు నుంచి వచ్చిందో రాసి పెడితేనే రేపు శుద్ధి యంత్రానికి పనికివస్తుంది. పలుగురాయి, మట్టితో కలిపి ఒకే గుట్టగా పోస్తే మళ్లీ తవ్వి, మళ్లీ పరీక్షించి ఏరుకోవాలి. ఆ ఖర్చు తొలి తవ్వకం లెక్కలో ఎక్కడా కనిపించదు.