పది లక్షలకు బెంజ్: సెకండ్‌హ్యాండ్ లగ్జరీ సెడాన్లపై అపోహలు – వాస్తవాలు

గ్రానైట్ వ్యాపారం, గల్ఫ్ సంపాదన, సింగరేణి జీతాలు ఉన్న ప్రాంతం మనది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి సెడాన్లు రోడ్డెక్కితే ఇప్పుడెవరూ ఆగి చూడడం లేదు. వీటిలో ఢిల్లీ బండ్లూ ఉన్నాయి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు అక్కడ తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి ఖరీదైన డీజిల్ కార్లు చవకగా ఇతర రాష్ట్రాల దారి పట్టాయి. కారుతో పాటు పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల దగ్గర కొన్ని మాటలు కూడా చేతులు మారుతుంటాయి. వాటిని నమ్మి దాచుకున్న డబ్బంతా షెడ్డులో పోసినవాళ్లు ఉన్నారు కాబట్టి, అవి ఎంతవరకు నిజమో చూద్దాం.

అపోహ: కొత్త డిజైర్ ధరకే వస్తోంది కదా, ఖర్చూ అంతే ఉంటుంది.

తగ్గింది కారు ధర ఒక్కటే. నలభై లక్షలు పలికిన సెడాన్ పదేళ్లకు పది లక్షలకు దిగొచ్చినా, దాని విడిభాగాలు నలభై లక్షల కారువే. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ సైజు రన్‌ఫ్లాట్ టైరు ఒక్కటి సుమారు 15 నుంచి 25 వేలు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బెంజ్ ఓ పక్కకు ఒరిగిందంటే, ముందువైపు ఒక్క స్ట్రట్టు మార్చడానికే బిల్లు లక్షకు చేరవచ్చు. ఆడి ఏ4 ముందు సస్పెన్షన్‌లో ఒక్కో వైపు నాలుగేసి కంట్రోల్ ఆర్మ్‌లు ఉంటాయి. స్పీడ్ బ్రేకర్లు, గ్రానైట్ లారీలు చితక్కొట్టిన రోడ్ల మీద వాటి బుష్‌లు అరిగి టకటకమని చప్పుడు మొదలైతే, మెకానిక్ ఎనిమిదీ మార్చమనడంలో మోసమేమీ లేదు. నా లెక్కలో, కారు ధరలో కనీసం ఐదో వంతు మొదటి ఏడాది రిపేర్ల కోసం పక్కన పెట్టలేనివారు ఈ బేరానికి దిగకపోవడమే మంచిది.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు, టైమింగ్ చైన్‌కు చావు లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అన్నది కారు కంపెనీ మాట. బీఎండబ్ల్యూకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం, నడిపే తీరును బట్టి 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య గానీ ఎనిమిదేళ్లకు గానీ ఆయిల్ మార్చాలని చెబుతుంది. ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్‌లో ఫిల్టరు ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే కలిసి ఉంటుంది. పాన్ మొత్తం మార్చాల్సిందే కాబట్టి పని అరలక్షకు అటూఇటూ అవుతుంది. ఆ ఖర్చు తప్పించుకున్న బండి గేరు పడేటప్పుడు కుదుపు ఇస్తుంది. గేర్‌బాక్స్ విప్పే దాకా వస్తే లెక్క లక్షల్లోనే.

చైన్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 2007 తర్వాత 320డీ, 520డీలలో వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. ఆ చైన్ సాగడం, దాని గైడ్లు విరగడం ప్రపంచమంతా ఎరిగిన జబ్బు. చైన్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజనే పోతుంది. ముందుగా మార్చుకుందామన్నా ఇంజన్‌నో గేర్‌బాక్స్‌నో దించాలి. కూలీతో కలిపి లక్షన్నర దాటడం మామూలే. జబ్బు ముదిరేలోపు గుర్తు ఒకటి కనిపిస్తుంది. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు వెనకవైపు నుంచి గరగరమనే రాపిడి శబ్దం వస్తుంది. అందుకే బండి చూడ్డానికి వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే చల్లారేదాకా కూర్చోండి. మీరు రాకముందే ఇంజన్ వేడెక్కించి పెట్టడం చాలా పాత ఎత్తు. చలికాలం ఉదయం ఆదిలాబాద్‌లో చూడగలిగితే మరీ మేలు. అక్కడ ఐదు డిగ్రీల చలిలో పాడైన గ్లో ప్లగ్గులు, నీరసించిన బ్యాటరీ కూడా బయటపడతాయి.

అపోహ: ఎండాకాలం రేడియేటర్‌లో నీళ్లు పోస్తే సరిపోతుంది.

పాత అంబాసిడర్‌కు చెల్లిందేమో, వీటికి చెల్లదు. మన బోరు నీళ్లలోని లవణాలు లోపల పేరుకుంటాయి. నీళ్లు కలిపేకొద్దీ కూలెంట్ పలచబడి, తక్కువ వేడికే మరుగుతుంది. చాలా బీఎండబ్ల్యూ పెట్రోల్ ఇంజన్లలో వాటర్ పంపు కరెంటుతో నడుస్తుంది. అది ఆగిపోయే ముందు పెద్దగా సూచన ఇవ్వదు. ట్యాంకు, గొట్టాల మూతులు, థర్మోస్టాట్ గూడు ప్లాస్టిక్‌వే కావడంతో ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతాయి. రామగుండంలో 45 డిగ్రీల ఎండ కాసే రోజున ఏసీ వేసుకుని వెళ్తుండగా టెంపరేచర్ హెచ్చరిక వస్తే, వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి. ఊరు దగ్గరే కదా అని ఇంకో పది కిలోమీటర్లు పోనిస్తే సిలిండర్ హెడ్ వంగిపోతుంది.

అపోహ: రన్‌ఫ్లాట్ టైర్లున్నాయి, స్టెప్నీ ఎందుకు?

గాలి పోయిన రన్‌ఫ్లాట్ మామూలుగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడుస్తుంది. నిర్మల్ దగ్గర పంక్చరైతే ఆదిలాబాద్ చేరడమే కనాకష్టం, హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైమాటే. ఆ సైజు టైరు ఊళ్లో దొరుకుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. టోయింగ్ బండి పిలిచేటప్పుడు కూడా జాగ్రత్త. వెనక చక్రాలతో నడిచే ఆటోమేటిక్ బెంజ్‌ను ముందువైపు ఎత్తి, వెనక చక్రాలు నేల మీద దొర్లుతుండగా లాక్కెళ్తే గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఆడక అదీ పాడవుతుంది. నాలుగు చక్రాలూ ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే అడగాలి.

అపోహ: స్కానర్ పెట్టి లైటు తీసేశాం, రిపేరు అయిపోయింది.

లైటు పోయింది, లోపం పోలేదు. కాసేపు తిరిగితే మళ్లీ వెలుగుతుంది. చవక స్కానర్ చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతుంది. గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ యూనిట్లలో ఏముందో చూడాలంటే ఆ కంపెనీకి తగిన పరికరం కావాలి. 2008 ప్రాంతంలో వచ్చిన బెంజ్ సి-క్లాస్‌లో స్టీరింగ్ లాక్ మోటారు చెడితే తాళం పెట్టినా బండిలో చలనం ఉండదు. బీఎండబ్ల్యూకు కొత్త బ్యాటరీ వేస్తే ఆ సంగతి కంప్యూటర్‌కు నమోదు చేయాలి. లేదంటే పాత బ్యాటరీ లెక్కనే చార్జింగ్ చేసి కొత్తదాన్ని తొందరగా చంపుతుంది.

అపోహ: ఈ బండ్లకు మన మెకానిక్‌లు పనికిరారు, ప్రతి స్క్రూ షోరూం నుంచే రావాలి.

ఇది మన పనివాళ్లకు చేసే అన్యాయం. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు కరీంనగర్‌లో శుభ్రంగా మార్పించుకోవచ్చు. సరైన సరుకు తెచ్చివ్వడం యజమాని వంతు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) ఉన్న డీజిల్‌కు బెంజ్ అయితే 229.51, బీఎండబ్ల్యూ అయితే ఎల్‌ఎల్-04 ప్రమాణం ఉన్న ఆయిల్ డబ్బా మీద చూసి కొనాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న ఆడికి వెనక ప్యాడ్లు మార్చేముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బలవంతంగా పిస్టన్ నొక్కితే మోటారు పోతుంది. ఇక విడిభాగాలంటారా, బాష్, జెడ్‌ఎఫ్, లెమ్‌ఫోర్డర్, మాలే లాంటి కంపెనీలే కార్ల తయారీదారులకు సరఫరా చేస్తాయి. అదే భాగం వాళ్ల సొంత డబ్బాలో బయట కొంటే షోరూం ధర కంటే బాగా తక్కువకు వస్తుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంకొక్క పని. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను, 2023 డిసెంబర్‌లో చెన్నైని ముంచిన వరదల్లో కార్లూ మునిగాయి. సీట్ బెల్టులు చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో, డిక్కీ కార్పెట్ ఎత్తి కింద తుప్పుందేమో చూడండి. తర్వాత బండిని ర్యాంపు మీదకు ఎక్కించి, ఆ కంపెనీ కార్లు తెలిసిన మెకానిక్‌తో అన్ని యూనిట్లూ స్కాన్ చేయించి, రిపోర్టు మీ చేతికి తీసుకోండి. దీనికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.