పొట్టివాడని పక్కన పెట్టడం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. సెలక్షన్లలో మాత్రం ప్రతిసారీ పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్లనే తీసుకుంటున్నారు. ఎందుకు?

జవాబు: జట్లను పుట్టినతేదీని బట్టి విడదీస్తారు. శరీరం మాత్రం పుట్టినతేదీ చూసుకుని ఎదగదు. మగపిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే దశ సగటున 14 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. కొందరికి 12కే, కొందరికి 16కి. ఆ దశ దాటినవాడికి కండ పడుతుంది, పరుగులో వేగం వస్తుంది. అతని భుజం తగిలితే చిన్నవాడు బంతి వదిలేస్తాడు. సెలక్టర్ కంటికి ముందుగా ఆనేది ఆ బలమే.

ప్రశ్న: ఆ తేడా ఎప్పటికీ ఉండిపోతుందా?

జవాబు: ఉండదు. ఆలస్యంగా ఎదిగేవాళ్లలో చాలామంది 18 ఏళ్లు దాటేసరికి మిగతావాళ్లను అందుకుంటారు. అప్పటిదాకా వాళ్లను ఆటలో ఉండనివ్వాలి, అంతే. ఉదాహరణకు ఫుట్‌బాల్ ఆటగాడు ఆంత్వాన్ గ్రీజ్‌మన్‌ను చిన్నగా ఉన్నాడని ఫ్రాన్స్‌లో పలు క్లబ్బులు కాదన్నాయి. స్పెయిన్‌లోని రియల్ సోసియెదాద్ చేరదీసింది. 2018 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో అతనూ ఒకడు.

త్వరగా ఎదిగినవాడికీ నష్టముంది. బలంతోనే నెగ్గుకొస్తుంటే పాస్ ఇవ్వడం, ముందుగా ఆలోచించడం నేర్చుకునే అవసరమే పడదు. తోటివాళ్లు ఎదిగాక ఆ లోటు బయటపడుతుంది.

ప్రశ్న: మరి న్యాయంగా ఎంచుకోవడం ఎలా?

జవాబు: పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు తెలిస్తే, పెద్దయ్యాక ఎంత పొడుగవుతాడో ఉజ్జాయింపుగా లెక్కగట్టవచ్చు. అందులో ఇప్పటికి ఎంత శాతానికి చేరాడో చూసి, దగ్గర దగ్గరగా ఉన్నవాళ్లను కలిపి ఆడించే పద్ధతినే బయో-బ్యాండింగ్ అంటారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 85–90 శాతం ఎత్తుకు చేరిన 11–14 ఏళ్ల అకాడమీ పిల్లలతో ఇలా టోర్నమెంట్ నడిపింది. త్వరగా ఎదిగినవాళ్లకు పోటీ గట్టిపడి, నైపుణ్యం వాడక తప్పలేదు. ఆలస్యంగా ఎదిగేవాళ్లకు తమ ఆట చూపించే వీలు దొరికింది. ఎత్తు లెక్క అంచనాయే కాబట్టి కొంత తప్పు పోవచ్చు. అందుకే వయసువారీ మ్యాచ్‌లతోపాటు ఈ పద్ధతినీ వాడాలి. బెల్జియం ఫుట్‌బాల్ సమాఖ్య అయితే ఆలస్యంగా ఎదిగేవాళ్ల కోసం ‘ఫ్యూచర్స్’ పేరుతో ప్రత్యేక జట్లనే పెట్టింది.

ప్రశ్న: ఇంట్లో మేమేం చేయాలి?

జవాబు: మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి, తేదీతో రాసిపెట్టి కోచ్‌కి చూపించండి. పొడుగు పెంచుతామనే పొడుల జోలికి పోవద్దు. ఒక్కసారిగా ఎదిగే రోజుల్లో మోకాలు నొప్పంటే ఆట తగ్గించి డాక్టరుకు చూపించండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక సెలక్షన్ పోయిందని ఆట మాన్పించకండి. 13 ఏళ్ల ఒంటిని చూసి అతని ఆటకు ముగింపు రాసే హక్కు ఎవరికీ లేదు.