సావిడిలో ఆగిపోయిన హెరాల్డు

1960, 70 దశకాల్లో మన రోడ్లమీద తిరిగిన సొంతకార్లు ముఖ్యంగా మూడే రకాలు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డు. మొదటి రెండింటినీ మీరు ఎక్కడో ఒకచోట చూసే వుంటారు. మూడోది ఇప్పుడు అరుదు. గోదావరి జిల్లాల్లో ఏ పాత సావిడిలోనైనా, ఎండుగడ్డి మోపుల వెనక, వెనుకవైపు చిన్న రెక్కల్లాంటి అంచులున్న కారొకటి దుమ్ముకొట్టుకుని కనబడితే, అది హెరాల్డు కావచ్చు.

దీని పుట్టిల్లు ఇంగ్లండు. ట్రయంఫ్ కంపెనీ 1959లో విడుదల చేసింది. రూపం గీసినవాడు మాత్రం ఇటలీ దేశస్థుడు, జొవాన్నీ మికెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ మనకోసం తయారుచేసింది. 1962లో ఇంగ్లండులో ఈ కారు ఛాసిస్‌నే కుదించి, ఇదే జాతి ఇంజను బిగించి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. దాని పేరు స్పిట్‌ఫైర్. అంటే మన సావిడిలోని కారు ఆ పేరుమోసిన కారుకు అన్నగారన్నమాట! హెరాల్డు బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలుతుంది. ముందు చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే అనుకూలమైన కారు దొరకడం కష్టం.

ఇటువంటి కారు కనబడగానే తాళం పెట్టి తిప్పాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. కాలవల మధ్య వూళ్ళలో గాలి ఎప్పుడూ తేమగానే వుంటుంది. ఏళ్ళతరబడి కదలని ఇంజనులో సిలిండరు గోడకూ, పిస్టను రింగులకూ మధ్యనున్న నూనె పొర జారిపోయి తుప్పు పడుతుంది. రెండూ అతుక్కుంటాయి. ఆ స్థితిలో స్టార్టరు బలవంతం చేస్తే రింగులు విరగవచ్చు. ముందు నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తరవాత కారును టాప్ గేరులో పెట్టి మెల్లగా నెట్టి చూడాలి. చక్రాలతోపాటు ఇంజను కూడా తిరిగితే సగం బెంగ తీరినట్టే.

ప్లగ్గులు తీయడానికి పానా కావాలి గదా? ఇక్కడొక చిక్కుంది. ఈ కారు నట్లు అంగుళాల లెక్కలో వుంటాయి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. మన ఇంట్లోని 13 నెంబరు పానా దానికి పడుతుంది, కాని 0.3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. తుప్పు పట్టిన నట్టు మీద గట్టిగా తిప్పితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. అంగుళాల పానాలు అరువు తెచ్చుకోవడం మేలు.

బ్యాటరీ కలిపే ముందు తీగలన్నీ చూడండి. ధాన్యం నిలవచేసే చోట ఎలుకలుంటాయి. అవి తీగల తొడుగులు కొరికితే షార్టు సర్క్యూటు ఖాయం. మరో సంగతి. 1960ల మధ్య వరకూ చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొననే కారు బాడీకి కలిపేవారు. ఈనాటి పద్ధతికి ఇది తలకిందులు. కాబట్టి ఏ కొన బాడీకి వెళ్తున్నదో తీగను పట్టుకుని చివరిదాకా వెళ్ళి చూడాలి.

ఇక ఇంజను తిరుగుతున్నది, కాని అంటుకోవడం లేదనుకుందాం. కాసేపు తిప్పి ఒక ప్లగ్గు తీసి చూడండి. కొన పెట్రోలుతో తడిసి వుంటే పెట్రోలు వస్తున్నది, నిప్పురవ్వ లేదని అనుమానించాలి. పొడిగా వుంటే పెట్రోలే రావడంలేదు. ఈ ఒక్క పరీక్షతో అనుమానం సగానికి సగం తగ్గిపోతుంది.

నిప్పురవ్వ ఎలా పుడుతుందో తెలుసా? బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటరు. దాన్ని దూకడానికి వేల వోల్టులు కావాలి. ఆ పని ఇగ్నిషన్ కాయిల్ చేస్తుంది. అందులో ఒకే ఇనుపకడ్డీ మీద రెండు తీగచుట్టలుంటాయి. రెండోదానిలో చుట్లు దాదాపు వంద రెట్లు ఎక్కువ.

మీలో లెక్క తెలిసినవారు ఇక్కడ ఆపి అడగాలి: పన్నెండును వందతో హెచ్చిస్తే 1,200 వోల్టులే గదా, అది చాలుతుందా? చాలదు. పైగా ఆగకుండా ప్రవహించే బ్యాటరీ కరెంటు రెండో చుట్టలో ఏమీ పుట్టించదు. 1831లో ఫారడే చూపించినట్టు, అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడే విద్యుత్తు పుడుతుంది. అందుకే డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు అనే చిన్న స్విచ్చి కరెంటును చటుక్కున తెంచుతుంది. క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ క్షణంలో మొదటి చుట్టలోనే వందల వోల్టులు లేస్తాయి. వాటిని వంద రెట్లు చేస్తే రవ్వకు కావలసినంత వస్తుంది. తెంచడం ఎంత చటుక్కున జరిగితే రవ్వ అంత బలం. పాయింట్ల దగ్గర కరెంటు మెరిసి వృథా కాకుండా పక్కనున్న కండెన్సరు కాపాడుతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఈ తంతు సెకనుకు వందసార్లు జరగాలి!

ఎంతోకాలం ఆగిన కారులో ఈ పాయింట్ల మీద సన్నని మైలపొర ఏర్పడి కరెంటును అడ్డుకుంటుంది. మెత్తటి గరుకుకాగితంతో రుద్ది, సందును 0.4 మిల్లీమీటరుకు సరిచేస్తే చాలాసార్లు రవ్వ తిరిగి వస్తుంది. రవ్వను కళ్ళతో చూసే పరీక్ష మాత్రం పెద్దవాళ్ళు పక్కనుండగానే, పెట్రోలు వాసన ఏమాత్రం లేనిచోటనే చేయాలి.

పెట్రోలు రాకపోతే? పాత పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరు జెట్లను మూసేస్తుంది. అదంతా పారబోయాలి. రబ్బరు గొట్టాలు కూడా మార్చాలి. ఈనాటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఆనాటి రబ్బరుకు అది పడదు, మెత్తబడి చిట్లుతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే కారేమిటి, సావిడి కూడా మిగలదు.

ఇంజను మోగగానే రోడ్డెక్కాలని తొందరపడకండి. బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం వుంది. ఆ నీటివల్ల బ్రేకు సిలిండర్లు లోపల తుప్పుపడతాయి. కాలవ గట్టు మీద మలుపు దగ్గర ఆ సంగతి తెలిస్తే లాభమేమిటి? ద్రవం మొత్తం మార్చి, సిలిండర్లు విప్పించి చూపించాలి. ఈ పని అనుభవమున్న మెకానిక్కుదే. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకి ఎవరూ దూరకూడదు.

అన్నీ బాగుచేశాక కూడా మే నెలలో రాజమండ్రి ఎండకు కారు నడిరోడ్డు మీద ఆగిపోవచ్చు. పాడైందని కంగారుపడనక్కరలేదు. ఇంజనుకు ఆనుకునివున్న పంపులో పెట్రోలు వేడికి ఆవిరైపోతుంది. ద్రవాన్ని తోయగల పంపు ఆవిరిని తోయలేదు. పాత డ్రైవర్లు ఇందుకు తడిగుడ్డ వాడేవారు. దాన్ని పంపుకు చుడితే, గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని తీసుకుపోతుంది. కాసేపు చెట్టు నీడన ఆగితే పంపులో ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది.