ఫ్లోరైడ్ నీరు – అవయవ వ్యవస్థల పరస్పర సంబంధం

అవయవ వ్యవస్థలను మనం విడివిడిగా చదువుతాం గానీ శరీరంలో అవి విడిగా పనిచేయవు. పామూరు ప్రాంతంలోని ఫ్లోరైడ్ సమస్యే ఇందుకు ఉదాహరణ. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించారు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. (కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది.) జీర్ణవ్యవస్థ శోషించిన ఫ్లోరైడ్‌ను రక్తం శరీరమంతటా చేరవేస్తుంది. పెద్దవారిలో సుమారు సగాన్ని మూత్రపిండాలు విసర్జిస్తాయి. మిగిలినది దాదాపు అంతా ఎముకల్లో చేరుతుంది. అధిక ఫ్లోరైడ్ నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో వెన్నెముక బిగుసుకొని వెన్నుపామును నొక్కవచ్చు. అప్పుడు కాళ్ల కండరాలు బాగున్నా నడక కష్టమవుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో విసర్జన తగ్గుతుంది కాబట్టి, అదే బావి నీరు తాగినా వారి ఎముకల్లో నిల్వ మరింత పెరుగుతుంది.