మండలం రోజులు, ఒక మూలమలుపు

దయ్యాలు తిరిగే చోట్ల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. శుక్రవారం రాత్రికల్లా పేజీలు ప్రెస్సుకు పోవాలి. ఆయనిచ్చిన జాబితాలో మొదటి పేరు కొండగట్టు. ఇలాంటి జాబితాలన్నీ దాన్ని ‘దయ్యాలు వదిలించే గుట్ట’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. కొండగట్టు అంజన్న మీద నాకు ప్రేమ ఉంది, దయ్యాల మీద నమ్మకం లేదు. చదివేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, ముత్యంపేట దగ్గర ఉంటుందీ గుట్ట. మంగళ, శనివారాల్లో జనం కిటకిటలాడతారు. గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో, ఎన్ని మందులు వాడినా తగ్గలేదనో ఇంట్లో మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు వాళ్లలో ఉంటారు. మండలం పాటు గుట్ట మీదే ఉండి అంజన్నను కొలిస్తే నయమవుతుందని వాళ్ల నమ్మకం. కూతురు తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తుంటే తల్లి చెయ్యి వదలకుండా వెంట నడుస్తుంది. ఉన్నట్టుండి ఆ పిల్ల జుట్టు విరబోసుకుని ఊగిపోతే తల్లి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు జరిగి చోటిస్తారు, ఎవరూ నవ్వరు. దయ్యాల కోసం గుట్టెక్కిన యాత్రికుడు సరిగ్గా అప్పుడే జేబులోంచి ఫోన్ తీస్తాడు. తియ్యకండి. అక్కడున్నది ఒక ఇంటి కష్టం.

స్థలపురాణం క్లుప్తంగా ఇది. ఆంజనేయుడు సంజీవని పర్వతం తెస్తుంటే ఒక ముక్క జారిపడి ఈ గుట్ట అయిందంటారు. సింగం సంజీవుడనే పశువుల కాపరికి స్వామి కలలో కనపడ్డాడంటారు. ఇప్పటి గుడిని కృష్ణారావు దేశ్‌ముఖ్ కట్టించారని చెబుతారు. మూలవిరాట్టుకు ఆంజనేయుడి ముఖంతో పాటు నరసింహుడి ముఖం, చేతుల్లో శంఖచక్రాలు ఉంటాయి. క్షేత్రపాలకుడు బేతాళస్వామి. మిగతా కథలు గుడి ముందు అమ్మే పుస్తకాల్లో దొరుకుతాయి.

నన్ను వదలనిది మాత్రం వేరే. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక చిన్న పరిశోధన వ్యాసం వేసింది. బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన మానసిక వైద్యుడు ఆర్. రఘురామ్, ఆయన సహచరులు రాశారు. తమిళనాడులోని ఒక పల్లెలో ముత్తుస్వామి గుడి ఉంది. మతి చలించిన వాళ్లను తీసుకొచ్చి అక్కడ ఉంచుతారు. మూడు నెలల వ్యవధిలో అలా వచ్చిన 31 మందిని వీళ్లు పరీక్షించారు. ఎక్కువమందికి ఉన్నది స్కిజోఫ్రెనియా. గుడిలోకి వచ్చిన రోజున, వెళ్లిపోయే రోజున రోగలక్షణాల తీవ్రతను డాక్టర్లు వాడే కొలమానంతోనే కొలిచారు. మందుల్లేవు. ప్రత్యేక పూజలూ లేవు. పొద్దున్నే కాసేపు పూజలో కూర్చోవడం, గుడి ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం, ఇంటి మనిషి ఒకరు తోడుండటం, ఇంతే. సగటున ఆరు వారాలు ఉన్నారు. తీవ్రత ఇంచుమించు ఇరవై శాతం తగ్గింది. చాలా మందులతో కలిగే మేలుకు ఇది సమానమని వ్యాసకర్తలే రాశారు.

ఆరు వారాలంటే దాదాపు మన మండలమే! ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 31 మంది చాలా తక్కువ, పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు, కాబట్టి దీన్ని పట్టుకుని మందులు మానేయమనడం ప్రాణాలతో చెలగాటం. అది కొండగట్టు మీద చేసిన పరిశోధనా కాదు. అయినా ఆ కాగితం చదివాక గుట్ట మీది సత్రాల వైపు వేరే కళ్లతో చూస్తాం. ఊళ్లో ‘పిచ్చిది’ అనిపించుకున్న పిల్లను ఇక్కడ ఎవరూ వెలెయ్యరు. తల్లి కూలి మానుకుని పక్కనే ఉంటుంది. పొద్దున లేవడానికి, స్నానానికి, తినడానికి ఒక వేళంటూ ఉంటుంది. కొంతమందికి నెమ్మదించడానికి ఇవే కారణమని నేను నమ్ముతున్నాను.

నమ్మకం గొలుసులైన చోటు కూడా ఉంది. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలిసిన ఆశ్రమాల్లో ఒకటి 2001 ఆగస్టు 6న తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది కాలిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. గుట్టకు వచ్చే ప్రతి కుటుంబానికీ ఈ సంగతీ, మానసిక సమస్యలకు సలహా ఇచ్చే టెలీ మానస్ ఉచిత ఫోన్ నంబరు 14416 కూడా తెలియాలి. దేవుడి దగ్గరికి వచ్చినవాళ్లు డాక్టరు దగ్గరికీ పోవచ్చు. అంజన్న ఏమీ అనుకోడు.

ఈ గుట్ట మీద నిజంగా గుండె ఝల్లుమనే చోటు గుళ్లో లేదు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చివర్లో వచ్చే మలుపు దగ్గర ఉంది. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు అక్కడ లోయలో పడింది. దాంట్లో ఎక్కాల్సిన వాళ్లకు దాదాపు రెట్టింపు, వందమందికి పైగా ఎక్కారు. అరవై మందికి పైగా చనిపోయారు. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్లే చాలామంది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బు తిమ్మయ్యపల్లి లాంటి ఊళ్లలో వీధివీధికీ పాడె లేచింది.

బస్సులో చాలామంది దర్శనానికి వచ్చినవాళ్లు కారు. దవాఖానకో, బజారుకో జగిత్యాల బయల్దేరిన పల్లెజనం. ఆ పల్లెలకు చాలినన్ని బస్సులుంటే ఒక్కదాంట్లో అంతమంది ఎందుకెక్కుతారు? దయ్యాల జాబితాలు రాసేవాళ్లకు ఈ మలుపు కనపడదు. గుట్ట దిగేటప్పుడు మీరు ఆ మలుపు దగ్గర బండి నెమ్మది చేయండి.

ఇంకాస్త ఉత్తరానికి పోతే, గుండె ఝల్లుమనే మరో రెండు చోట్లు

నిర్మల్: నిజాం, ఆంగ్లేయ సైన్యాలతో పోరాడిన రాంజీ గోండును, ఆయన వెంట నిలిచిన వెయ్యిమందిని 1860లో ఇక్కడి మర్రిచెట్టుకు ఉరితీశారని చెబుతారు. వెయ్యి ఉరుల మర్రి అంటే అదే. ఆ చెట్టు ఇప్పుడు లేదు.

ఇంద్రవెల్లి: 1981 ఏప్రిల్ 20, సోమవారం సంత రోజు. భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది, ఊళ్ల లెక్క అంతకు ఎన్నో రెట్లు. అమరుల స్తూపాన్ని 1986లో కూల్చేశారు, తర్వాత మళ్లీ కట్టారు. ఏటా ఆ తేదీన నివాళికి కూడా ఎవరూ రాకుండా చాలా ఏళ్లు 144 సెక్షన్ పెట్టారు.