శివారుకు చేరిన ఇళ్లు, ఫుట్‌పాత్‌పై మిగిలిన మనుషులు

మన సొసైటీ చందాల పుస్తకం తిరగేస్తే ఒక మార్పు కళ్లకు కడుతుంది. పాత రసీదుల మీద షాలిబండ, మొఘల్‌పుర, హుస్సేనీ ఆలం గల్లీల పేర్లే ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా టోలీచౌకి, అత్తాపూర్, బండ్లగూడ, షాహీన్‌నగర్ కనబడతాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం లేదు. మాలో చాలామందిమి అలా వెళ్లినవాళ్లమే.

వెళ్లడానికి కారణాలు దాతలకు తెలియనివి కావు. అన్నదమ్ముల పంపకాల్లో దేవిడీ నాలుగు ముక్కలైంది, గల్లీలోకి కారు రాదు, గల్ఫ్ నుంచి వచ్చిన సొమ్ముకు శివారులో సొంత ప్లాటు దొరికింది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక కొత్త ఉద్యోగాలు పడమటి వైపు పెరిగాయి. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకున్నాక అత్తాపూర్, రాజేంద్రనగర్ దగ్గరయ్యాయి. ఇటు రావలసిన మెట్రో మార్గం మాత్రం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి మూసీ ఒడ్డునే ఆగింది.

అంతమాత్రాన పాతబస్తీ ఖాళీ అయిందనడం సరికాదు. స్తోమత ఉన్నవారు కదిలిన ఇళ్లలో కింద గోదాములు, పైన కార్ఖానాలు వెలిశాయి. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్నచోట గదికొక కుటుంబం అద్దెకుంటోంది. పని మాత్రం ఎక్కడికీ పోలేదు. లాడ్ బజార్ గాజులు, పత్తర్‌గట్టి బట్టల దుకాణాలు, బేగంబజార్ హమాలీ అన్నీ ఇక్కడే ఉన్నాయి. కూలివాడు శివారులో చవకగా గది తీసుకుంటే రానూపోనూ ఆటోలకు, బస్సులకు కూలిలో పెద్ద భాగం పోతుంది. అందుకే కొందరు వారానికొకసారి ఇంటికి వెళ్లి, మిగతా రాత్రులు మూసిన దుకాణాల మెట్ల మీద పడుకుంటారు. వీరికి ఇల్లున్నా రాత్రికి చోటు లేదు. పోనీ ఆ చవక ప్లాటైనా భద్రమా అంటే, చెరువుల పక్కన లేచిన కాలనీల గతి ఏమైందో 2020 అక్టోబరు వరదల్లో అల్ జుబైల్ కాలనీవారు చూశారు.

ఇక ప్రభుత్వ విధానం సంగతి. 2011 జనగణన దేశంలో ఇల్లులేనివారు 17.7 లక్షలని, అందులో పట్టణాల్లో 9.38 లక్షలని లెక్కతేల్చింది. రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ కింద, రైల్వే ప్లాట్‌ఫారం మీద రాత్రి గడిపేవారే ఈ లెక్కలోకి వస్తారు. కార్ఖానాలో యంత్రం పక్కన పడుకునే కుర్రాడు రాడు. ఢిల్లీ చలిలో ఒక ఆశ్రయాన్ని కూల్చిన తర్వాత, 2010లో సుప్రీంకోర్టు లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని, అది రాత్రింబవళ్లు తెరిచి ఉండాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అని కొలత పెట్టింది. 2011 లెక్కన మన మహానగరపాలిక జనాభా సుమారు 67 లక్షలు. అంటే 6,700 మందికి చోటుండాలి. ఉన్నవి ఆ లెక్కకు చాలా దూరం. ఈ ఆశ్రయాల నిర్వహణను స్వచ్ఛంద సంస్థలు తీసుకోవచ్చన్న సంగతి కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మనవాళ్లు దీన్ని అంతగా పట్టించుకోలేదు.

మా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక చలికాలం ఒక పెద్ద ఆసుపత్రి గేటు బయట రోగుల బంధువులకు దుప్పట్లు పంచాము. వారం తర్వాత వెళితే సగం మంది దగ్గర అవి లేవు. అమ్ముకున్నారేమోనని మాలో ఒకరు అన్నారు కూడా. విచారిస్తే పగలు దాచుకునే చోటు లేక పోగొట్టుకున్నామన్నారు. నారాయణఖేడ్ నుంచి కోడలి కాన్పుకొచ్చిన ఒక పెద్దావిడ, “బేటా, అన్నం మూడు చోట్ల ఇస్తున్నారు, స్నానానికే తావు లేదు” అన్నారు. ఆ మాట విన్నాక బిర్యానీ పొట్లాల లెక్క చూసుకుని సంతోషించడం మానేశాము.

జకాత్ సొమ్ముతో ఆశ్రయం నడపవచ్చా అని దాతలు అడుగుతుంటారు. జకాత్ అర్హుని చేతికి అతని సొంతంగా అందాలని హనఫీ ఉలమాలలో అత్యధికుల అభిప్రాయం. కనుక అద్దె, కరెంటు, కాపలా ఖర్చులు సదఖా ఖాతా నుంచే పెడతాము. జకాత్‌ను అర్హులైన రోగుల బంధువులకు మందులకు, దారిఖర్చుకు నేరుగా ఇస్తాము. రెండు రసీదు పుస్తకాలు వేరువేరుగా ఉంచాము.

కొత్త భవనం కట్టే ఆలోచన ప్రస్తుతానికి లేదు. శివారులో స్థలం ఇస్తామని ఇద్దరు దాతలు ముందుకొచ్చారు, వారికి అల్లాహ్ మేలు చేయాలి. కానీ ఆసుపత్రికి పది కిలోమీటర్ల దూరాన పడక వేస్తే ఎవరూ రారు. మాకు కావలసింది అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల పాత ఇల్లు. రెండు మరుగుదొడ్లు, ఆడవారికి వేరే గది, సామాను పెట్టుకోవడానికి తాళం వేసే అలమారాలకు తావు ఉంటే చాలు. శివారుకు మారి ఇక్కడి ఇంటికి తాళం వేసి ఉంచిన దాతలు మనలోనే ఉన్నారు. అద్దెకైనా, ఉచితంగానైనా ఇవ్వదలచినవారు అసర్ నమాజు తర్వాత కార్యాలయానికి రావచ్చు. తాళంచెవితో వస్తే అదే రోజు వెళ్లి చూస్తాము.