ఆట ఒకరిది, ఆడిన తీరు మరొకరిది

వీడియో గేమును తానాడుచు, ఆ యాటకు తన మాటలను జోడించి యూట్యూబులో నుంచువాడు ఒక నూతన కథకుడు; కాని తెరపై కదలు బొమ్మలు, వినవచ్చు సంగీతము, నడచు కథ పరుల సొత్తగుటచే, కాపీరైటు చట్టము వాని వెన్నంటియే యుండును.

2013లో జపాను సంస్థ నింటెండో, తన యాటలను చూపు వీడియోలను తొలగింపక, వానిపై వచ్చు ప్రకటనల యాదాయమును తనవైపు మరల్చుకొనగా అభిమానులు మిక్కిలి నొచ్చుకొనిరి. 2015లో ఆ సంస్థయే ఒక పథకమును నెలకొల్పి, యూట్యూబు వాటా పోగా మిగిలినదానిలో విడి వీడియోకు నూటికి 60 వంతులు, చానెలంతయు నమోదుచేసినచో 70 వంతులు ఆడువారికి విడిచెను. 2018 తుదిని దానిని ఎత్తివేసి, వ్యాఖ్యానమో, సృజనమో జోడించి, నియమములను పాటించువారు తమ వీడియోలపై ఆదాయమునుగూడ పొందవచ్చునని తెలిపెను. ఇది ధర్మమైన మార్గమని నా యభిప్రాయము. ఆటకు క్రొత్త ప్రేక్షకులను చేర్చువానిని చోరునిగా చూచుట న్యాయము గాదు.

అయితే ఆటలన్నియు నొక్క తీరువి కావు. పందెపుటాటలో ఎవరి యాట వారిదే. కథయే ప్రాణమైనచోట, ముగింపును చూచినవాడు ఇక ఆటను కొనునా యను కర్తల భీతి సహేతుకము. అట్టి కథాప్రధానమగు 'స్టైన్స్ గేట్' ఆటను ముగింపుతో సహా చూపియు, అనిమే దృశ్యములను కుదించియు వీడియోలు పెట్టిన యొకనికి, 2023 సెప్టెంబరులో జపానులోని సెండాయ్ జిల్లా న్యాయస్థానము పది లక్షల యెన్నుల జరిమానాను, రెండేండ్ల కారాగారవాసమును విధించి, ఆ వాసమును ఐదేండ్లు నిలిపియుంచెను.